ఆలు లేదు, చూలు లేదు, పన్ను పేరు సోమలింగం

మొన్న ఆదివారం గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "ఏంది బావా, రెడింగులో ఫ్లాటు, పౌండ్లలో అద్దె. నీ పనే బాగుంది" అన్నాడు. నోటితో చెబితే నమ్మడని కాగితం మీద లెక్క రాసి వాట్సాప్‌లో పంపాను.

ఏడాదికి అద్దె 20,000 పౌండ్లు. బ్యాంకుకు కట్టే వడ్డీ 15,000. సర్వీసు చార్జీ, ఇన్సూరెన్సు, మరమ్మతులు కలిపి 2,000. చేతిలో మిగిలేది 3,000. దాని మీద కట్టే పన్ను 4,200.

రెండు నిమిషాల్లో మళ్ళీ ఫోను. "ఎక్కడో కూడిక తప్పావ్ బావా."

తప్పలేదు నాయనా. నా జీతం పుణ్యమా అని అద్దె మొత్తం 40 శాతం శ్లాబులో పడుతుంది. ఇల్లు అద్దెకిచ్చినవాడు బ్యాంకుకు కట్టే వడ్డీని ఇక్కడ బ్రిటన్‌లో ఖర్చుగా లెక్కించరు. కాబట్టి ఖజానా వారి కళ్ళకు నా లాభం 18,000. అందులో 40 శాతం 7,200. ఆ తర్వాత దయతలచి వడ్డీలో 20 శాతం, అంటే 3,000, తగ్గిస్తారు. మిగిలింది 4,200. వచ్చిన 3,000 వాళ్ళకే సమర్పించి, పైన 1,200 జీతంలోంచి తీసి కట్టాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మన పెద్దలు. వాళ్ళు పేరు పెట్టి ఊరుకున్నారు. వీళ్ళు బారసాల ఖర్చు కూడా నా దగ్గరే వసూలు చేస్తున్నారు.

ఈ సోమలింగానికి పేరు పెట్టినాయన అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్, 2015 జూలైలో. 2017 నుంచి విడతలవారీగా తెచ్చి, 2020 ఏప్రిల్ నాటికి పూర్తిగా అమలు చేశారు. ఉండటానికి ఇల్లు కొనుక్కునేవాడికి లేని వడ్డీ రాయితీ అద్దెకిచ్చేవాడికి ఎందుకని వాదన. అడగాల్సిన ప్రశ్నే. రెండో ఇల్లున్నవాణ్ణి చూసి కన్నీళ్ళు పెట్టమని నేనెవర్నీ అడగను. ఎక్కువ గుంజాలనుకుంటే గుంజండి. దానికి రెండో ఇంటి పన్ను అని పేరు పెట్టండి. నా చేతికి రాని డబ్బును పట్టుకుని లాభం అనకండి.

పైగా ఈ నియమం మనుషులకే. అదే ఫ్లాటు కంపెనీ పేరున ఉంటే వడ్డీ అంతా ఖర్చే, లాభం అచ్చంగా 3,000, పన్ను 19 శాతం చొప్పున 570. అయితే కంపెనీ పెట్టి దానికి మార్చేస్తే పోలా? మార్చడమంటే నా ఇల్లు నేనే నా కంపెనీకి అమ్మడం. అదనపు 5 శాతంతో సహా స్టాంపు డ్యూటీ కట్టాలి, ధర పెరిగి ఉంటే ఆ పెరుగుదల మీద పన్నూ కట్టాలి. ఇల్లు అంగుళం కదలదు, నా జేబు మాత్రం ఊరు దాటిపోతుంది.

పోనీ, వీళ్ళకు సూక్ష్మంగా చూడటం రాదా అంటే, అదేం కాదు. తినేవాటిలో చాలావాటికి ఇక్కడ వ్యాట్ సున్నా, బంగాళాదుంప చిప్స్‌కి 20 శాతం. వాకర్స్ కంపెనీ 'పాపడమ్స్' అని పొట్లాలు అమ్ముతూ, ఇవి చిప్స్ కావు, అప్పడాలు, పన్ను పడదని వాదించింది. ట్రిబ్యునల్ పొట్లం విప్పి చూసింది. వేయించే పని లేకుండా నేరుగా తినేయొచ్చు, బంగాళాదుంప పొడీ పిండీ దండిగా ఉన్నాయి. హూలా హూప్స్ అని పేరున్నంత మాత్రాన చిరుతిండిని నడుముకు తిప్పుకోలేం కదా అని చమత్కరించి, పన్ను కట్టమంది. నేతిబీరకాయలో నెయ్యి వెతికినంత శ్రద్ధ! ఆ తీర్పుకు నేను చప్పట్లు కొట్టాను. అప్పడంలో దుంప ఎంతో అంత ఓపిగ్గా చూసినవాళ్ళకు, నా లెక్కలో లాభం ఎంతో కనిపించదా?

అవసరం లేకపోతే కనిపించదు. ఇంగ్లండులో ఇళ్ళ మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్‌కు ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ధరే ఆధారం. అప్పట్లో చాలా ఇళ్ళకు వీధిలో కారు నెమ్మదిగా పోనిస్తూ వెల కట్టారు. మరి నిరుడు కట్టిన ఇంటికో? 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో ఊహించి చెబుతారు. ఇక్కడా సోమలింగమే, కాకపోతే తారీఖు వేసి మరీ.

ఇదంతా సులభం చేస్తామని మాటిచ్చిందీ ఆస్బోర్న్ గారే. ఏడాదికోసారి రిటర్ను దాఖలు చేసే బాధ ఇక ఉండదన్నది 2015 మార్చి నాటి మాట. ఆ మాట 2026 ఏప్రిల్ 6న ఫలించింది. అద్దెలూ సొంత వ్యాపారమూ కలిపి 50,000 పౌండ్లు దాటినవారు మూడు నెలలకోసారి సాఫ్ట్‌వేర్‌లో లెక్క పంపాలి. అవి నాలుగు. ఏడాది చివర రిటర్ను ఎలాగూ ఉండనే ఉంది. వెరసి ఐదు. ఒక్కటి వద్దు మహాప్రభో అంటే ఐదు చేతిలో పెట్టారు. ఆ 50,000 కూడా లాభం కాదు, వసూలు. 2028 ఏప్రిల్ నుంచి హద్దు 20,000కు దిగుతుంది. నా అద్దె సరిగ్గా 20,000. ఒక్క పౌండు పెంచానా, ఆ భాగ్యం నాకూ పడుతుంది.

ఇదంతా విని మా బావమరిది ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అమ్మి పారెయ్ బావా."

అమ్మొచ్చు. అమ్మిన 60 రోజుల్లో లెక్క చెప్పి పన్ను కట్టాలి. కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా ఎంతైతే అంతా లాభమే. ఇన్నేళ్ళలో పౌండు విలువ ఎంత కరిగిందో ఎవరూ అడగరు.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "అంటే సోమలింగానికి తమ్ముడు కూడా ఉన్నాడన్నమాట."