ఖాళీ పడకకు రోగి కావలెను

రోగాలు పెరిగితే ఆసుపత్రుల్లో పడకలు పెరుగుతాయని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా ఉన్నారు. పడకను పుట్టించేది జ్వరం కాదనీ, బిల్లు చెల్లించే పద్ధతేననీ అమెరికా దశాబ్దాలపాటు అపారమైన ప్రజాధనం వెచ్చించి మరీ నిరూపించినా, ఈ మూఢనమ్మకం వదలలేదు.

1946లో వచ్చిన హిల్-బర్టన్ చట్టం, వెయ్యిమంది జనాభాకు 4.5 సాధారణ పడకలు ఉండాలన్న లక్ష్యంతో ఆసుపత్రుల నిర్మాణానికి కేంద్ర నిధులు సమకూర్చింది. ఆ అర పడక మీద ఎవరిని పడుకోబెట్టాలో చెప్పకపోయినా, నల్లవారిని విడిగా పడుకోబెట్టడానికి మాత్రం 'వేరుగా, కానీ సమానంగా' అన్న నిబంధనతో అనుమతించింది. న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసేసరికి 1963 వచ్చింది.

వృద్ధులకు ప్రభుత్వమే ఆరోగ్య బీమా కల్పించే మెడికేర్ 1965లో చట్టమైనప్పుడు, ఆసుపత్రుల మనసు నొప్పించకుండా 'సహేతుక వ్యయం' అనే సూత్రాన్ని అమలుచేశారు. అంటే, ఏ చికిత్సకు ఎంతన్నది ముందుగా నిర్ణయించకుండా, ఆసుపత్రి తనకైన ఖర్చును రాసి చూపిస్తే అందులో మెడికేర్ రోగుల వాటాను ప్రభుత్వం చెల్లించడం. భవనాల తరుగుదల, వాటికోసం చేసిన అప్పు మీద వడ్డీ కూడా ఆ ఖర్చులోకే చేరగా, లాభాపేక్ష లేని ఆసుపత్రులకు తొలి ఏళ్లలో మరో 2 శాతం కలిపి ఇచ్చి వాటి నిరపేక్షను గౌరవించారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటుండదంటారు. ఇక్కడ తినేవాడే విస్తళ్ల లెక్క కూడా రాసుకున్నాడు. మెడికేర్ వల్ల ఆసుపత్రి వ్యయం ఎంత పెరిగిందో లెక్కగట్టిన ఆర్థికవేత్త ఎమీ ఫింకెల్‌స్టీన్, విడివిడి వ్యక్తుల బీమా అనుభవాన్ని బట్టి ఊహించగలిగినదానికి అది ఆరు రెట్లు మించినదని 2007లో తేల్చారు. దేశమంతటా ఒకేసారి చెల్లింపుకు హామీ దొరికితే, రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడు, ఆసుపత్రి కూడా ఊళ్లోకి వస్తుంది.

బీమా ఉన్నచోట కట్టిన పడక ఎలాగోలా నిండుతుందన్న సంగతిని ఆరోగ్య సేవల పరిశోధకుడు మిల్టన్ రోమర్ మెడికేర్‌కు ముందే గుర్తించగా, అది ఆయన పేరిటే సూత్రంగా నిలిచింది. దీనికి విరుగుడుగా 1974 నాటి జాతీయ చట్టం, కొత్త ఆసుపత్రి కట్టదలచినవారు దాని అవసరాన్ని రుజువుచేసి ముందస్తు అనుమతి పొందే విధానాన్ని పెట్టుకొమ్మని రాష్ట్రాలపై ఒత్తిడి తెచ్చింది. కొత్త ఆసుపత్రి అనవసరమని అందరికన్నా గట్టిగా వాదించినవారిలో పాత ఆసుపత్రులవారు ఉండటంలో వింతేమీ లేదు. ఆ జాతీయ చట్టం 1986లో రద్దయినా, అనుమతి విధానం మాత్రం అనేక రాష్ట్రాల్లో నేటికీ ఉంది.

ఈలోగా 1983లో ప్రభుత్వం మెడికేర్ చెల్లింపు పద్ధతినే మార్చి, వ్యాధి నిర్ధారణను బట్టి రోగులను వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి ముందే ధర నిర్ణయించింది. రోగి ఎన్ని రోజులున్నా వచ్చే సొమ్ము దాదాపు అంతేనని తెలియగానే, అమెరికా వృద్ధులు ఆశ్చర్యకరమైన వేగంతో కోలుకుని ఇళ్లకు వెళ్లసాగారు. భవనాల ఖర్చుకు మాత్రం పాత లెక్క ప్రకారమే చెల్లింపులు సాగాయి. రోగికి ధర కట్టగలిగిన ప్రభుత్వానికి గోడకు ధర కట్టడం మొదలుపెట్టడానికి 1991 దాకా పట్టింది.