వెరిఫికేషన్ అమ్మానాన్నలకే!

నర్సరీలో సీటు కావాలంటే అమ్మానాన్నల డిగ్రీలు, జీతాల స్లిప్పులు, ఆపై ఇంటర్వ్యూ. అదే బడిలో పిల్లల్ని బాత్రూమ్‌కు తీసుకెళ్లే ఆయాకు, వ్యాన్ డ్రైవర్‌కు మాత్రం ఒక్కటే ప్రశ్న: ‘రేపట్నుంచి వస్తావా?’ మహా అయితే ఓ ఆధార్ జిరాక్స్. అందులో ఉండేది పేరూ ఊరూ. పాత కేసుల ఊసు ఏ మూలా ఉండదు.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం నిబంధనలు 2020లోనే స్పష్టంగా చెప్పాయి. బడి గానీ, క్రెష్ గానీ, ఆటల అకాడమీ గానీ, పిల్లలతో మెలిగే ప్రతి ఉద్యోగికీ పోలీసు వెరిఫికేషన్ జరగాలి. పాఠాలు చెప్పేవాళ్లకే కాదు, గేటు తీసేవాళ్లకూ. పర్మనెంటుకే కాదు, కాంట్రాక్టుకూ. పైగా ఒక్కసారి చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, ఎప్పటికప్పుడు చేయించాలి. అయినా ఏదైనా ఘోరం జరిగి టీవీలవాళ్లు గేటు దగ్గరికొచ్చాక యాజమాన్యాలది ఒకటే పాట: ‘అతను మా స్టాఫ్ కాదండీ, ఏజెన్సీ మనిషి!’

పాస్‌పోర్టు కావాలంటే మన చరిత్రంతా పోలీసులు ఆరా తీస్తారు. మూడేళ్ల పాపను రోజూ ఎత్తుకునే మనిషికి మాత్రం ‘మన వాచ్‌మన్‌కు తెలిసినామే’ అన్న సర్టిఫికెట్ చాలు.

ఈసారి టర్మ్ ఫీజు కట్టేటప్పుడు ‘మీ స్టాఫ్ వెరిఫికేషన్ ఫైలు ఓసారి చూపిస్తారా?’ అని అడిగి చూడండి. ప్రిన్సిపాల్ మేడమ్ మీటింగ్‌లో ఉంటారు.