రేవులో వినకూడని సలహాలు

జూరాల వెనక నీళ్ళలోనో, సోమశిల దగ్గరి శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లోనో తిప్పుకోవడానికి చిన్న ఇంజన్ బోటు కొంటున్నానని చెప్పి చూడండి, రేవులో ప్రతివాళ్ళూ ఒక సలహా ఇస్తారు. మంచి మనసుతోనే ఇస్తారు. చిక్కేమిటంటే వాటిలో చాలా మటుకు కృష్ణా నది నిమ్మళంగా ఉన్న రోజుల్లో పుట్టిన మాటలు. బోటును అమర్చుకోవాల్సింది గాలి లేచి, ఇంజన్ ఆగి, మనిషి నీళ్ళలో పడే ఆ ఒక్క గంట కోసం. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయిన తీరం మనది. ఇక్కడ తప్పుడు సలహాను మొహమాటానికి కూడా ఒప్పుకోకూడదు. తరచుగా వినబడే వాటిని ఒక్కొక్కటే తీసుకుందాం.

"ఈతొచ్చినోనికి జాకిట్ ఎందుకు?"

ఈత వచ్చినవాడు కూడా తల బోటు అంచుకు తగిలితే, పంచె కాళ్ళకు చుట్టుకుంటే ఈదలేడు. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లేనట్టే, బోటు తిరగబడ్డాక దాన్ని వెతికి తొడుక్కునే వ్యవధి ఉండదు. రేవులో తాడు విప్పకముందే అందరూ వేసుకోవాలి, బకిల్స్ పెట్టుకోవాలి. కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. 50 న్యూటన్ల రకం ఈతొచ్చినవాళ్ళకు, ఒడ్డు దగ్గరి ఆటలకు. ఈత రానివాళ్ళకు కనీసం 100 న్యూటన్లది కావాలి, అది మనిషి ముఖాన్ని పైకి తిప్పి ఉంచేలా చేసింది. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే మెడమీంచి జారిపోతుంది. వాళ్ళకు వాళ్ళ సైజుదే, కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నదే తీసుకోండి.

"ఇంకా నలుగురు పడ్తరు, ఎక్కున్రి!"

కూర్చోవడానికి చోటు ఉండడం వేరు, బోటు మొయ్యగలగడం వేరు. తయారుచేసినవాళ్ళు బిగించిన ప్లేటు మీద ఎందరు, ఎన్ని కిలోలు అని ఉంటుంది. ఇంజను, డీజిల్, సామాను అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. బండ్లు ఎక్కిస్తే బోటు నడిమధ్యలో కదలకుండా కట్టాలి. పైకప్పు మీద ఒక్క మనిషి కూడా ఉండకూడదు, బరువు పైకి పోయేకొద్దీ బోటు ఒరిగినప్పుడు తిరిగి నిలబడలేదు.

అడుగున చేరే నీటిని తేలిగ్గా తీసుకోకండి. అడుగుభాగం 5 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు ఉన్న బోటులో 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది 750 కిలోలు. పదిమంది మనుషుల బరువు, అదీ ఒరిగినవైపుకే పరుగెత్తే బరువు. అందుకే పంపు ఉన్నా తాడుకట్టిన బకెట్ ఉండాలి. ఎండకు, వానకు కట్టే పక్క పరదాలు ప్రయాణంలో చుట్టి పైకి కట్టేయండి. తిరగబడ్డ బోటులో అవే మనిషిని బయటికి రానివ్వవు.

"మొన్న పోయిన దారే గదా"

మన నీళ్ళలో ఇంతకు మించిన ప్రమాదకరమైన మాట లేదు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. 840 దరిదాపులకు దిగితే సోమశిలకు అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. సెప్టెంబరుకూ ఎండాకాలానికీ మధ్య నలభై అయిదు అడుగుల తేడా అన్నమాట. 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళ గోడలు, బావుల గట్లు, చెట్ల మోళ్ళు ఈ నీటి అడుగునే ఉన్నాయి. వానాకాలంలో పదిసార్లు దాటిన చోటే ఫిబ్రవరిలో ఇంజన్ ఫ్యాను రెక్క విరగవచ్చు.

జలాశయం మట్టం రోజూ పేపర్లో వస్తుంది. బయల్దేరే ముందు చూసి రాసుకోండి. కొత్త మట్టానికి మొదటి ప్రయాణం ఆ ఊరి జాలరితో చెయ్యండి, ఎక్కడ ఏ గోడ ఉందో వాళ్ళకు తెలుసు. లోతు తెలియని చోట నడక వేగానికి మించకుండా, ముందు ఒకరు గెడతో అడుగు చూస్తూ పోవాలి. ఫ్యానుకు వల చుట్టుకుంటే ముందు ఇంజన్ ఆపి, బోటులోంచే పైకెత్తి కత్తితో కొయ్యండి. విప్పడానికి నదిలోకి దూకకండి, ఈ కృష్ణలో మొసళ్ళున్నాయి.

"ఎంత పెద్ద ఇంజన్ ఏస్తే అంత మంచిది"

ఔట్‌బోర్డు ఇంజన్ బరువంతా వెనక పలక మీదే పడుతుంది. బరువు మించితే వెనకభాగం కుంగి, వేగం తగ్గించగానే వెనకనుంచి వచ్చే అల లోపలికి దూకుతుంది. ప్లేటు మీద ఉన్న హార్స్‌పవర్ దాటవద్దు. ఇంజన్‌తో వచ్చే ఎర్ర చుట్టల తాడును అడ్డమని తీసేయమంటారు. దాన్ని నడిపేవాడి కాలికో జాకెట్‌కో తగిలించాలి. అతను పడిపోతే ఇంజన్ వెంటనే ఆగేది దానివల్లే. లేకుంటే ఖాళీ బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది.

"సగం ట్యాంకుంది, సరిపోతది"

పోవడానికి మూడోవంతు, రావడానికి మూడోవంతు, ఆపదకు మూడోవంతు. సోమశిల దాటి శ్రీశైలం వైపు నల్లమల కొండల మధ్యకు పోతే బంకు ఉండదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎదురుగాలిలో తిరుగు ప్రయాణానికి ఇంధనం ఎక్కువే కాలుతుంది. ఎటు పోతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో రేవులో ఒకరికి చెప్పి వెళ్ళండి.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి నిలుస్తుంది. వంటగ్యాసూ అంతే. మనుషుల్ని దించి, ఇంజన్ ఆపి, డబ్బాను ఒడ్డుమీదే నింపండి. స్టార్ట్ చేసేముందు మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఇంజన్ పక్కన కాకుండా నడిపేవాడి చేతికందేచోట ఉండాలి.

"లంగరు సముద్రంల పోయేటోళ్ళకు"

ఇంజన్ ఆగిన బోటుకు ఉన్న ఒకే బ్రేకు లంగరు. నీటి లోతుకు కనీసం అయిదు రెట్లు తాడు వదిలితేనే అది నేలను పట్టుకుంటుంది. ఎప్పుడూ ముక్కు నుంచే వెయ్యాలి. వెనకనుంచి వేస్తే ప్రవాహం వెనకపలక మీదుగా లోపలికొస్తుంది. లంగరుతో పాటు రెండు తెడ్లు, టార్చి, విజిల్, కత్తి, ఒక స్పార్క్ ప్లగ్గు, డీజిల్ ఇంజన్ అయితే ఒక ఫిల్టరు ఉంచండి.

"రేవు రాంగనే రివర్స్ కొట్టు"

రేవుకు ఎప్పుడూ ప్రవాహానికో గాలికో ఎదురుగా, నెమ్మదిగా రావాలి. అప్పుడు నీరే బోటును ఆపుతుంది. వేగంగా వచ్చి రివర్స్ మీద ఆధారపడితే, గేరు పడని ఆ ఒక్కసారి బోటు మెట్లమీద స్నానం చేసేవాళ్ళకు తగులుతుంది. ప్రయాణంలో ఎవరైనా నీళ్ళలో పడ్డా ఇదే నెమ్మది కావాలి. మనిషి కుడివైపు పడితే ముక్కును కుడివైపే తిప్పండి, వెనకున్న ఫ్యాను అతనికి దూరంగా జరుగుతుంది. చుట్టి ఎదురు ప్రవాహంలో చేరుకుని, ఇంజన్ ఆపాకే తాడు విసరండి. పైకి లాగేటప్పుడు అందరూ ఒకే పక్కకు ఎగబడితే బోటే తిరగబడుతుంది.

"వరదొచ్చినప్పుడే మజా"

జూరాల గేట్ల నుంచి లక్ష క్యూసెక్కులు వదిలారంటే సెకనుకు దాదాపు 28 లక్షల లీటర్లు. దిగువన బీచుపల్లి దాకా రాళ్ళు నీటికింద దాక్కుంటాయి, కొట్టుకొచ్చే దుంగలు కనబడవు. గేట్లు ఎత్తిన రోజుల్లో దిగువకు బోటు దించకండి. ఎగువనా గేట్ల దగ్గరికి పోకండి. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల, గుడ్డెందొడ్డి దగ్గర నెట్టెంపాడు పంపులకు నీళ్ళు పోయే కాల్వల్లోకి బోటును అస్సలు పోనివ్వకండి. చిన్న ఇంజన్ ఆ లాగుడును తట్టుకోలేదు.

"కాగితాలెవరు అడుగుతరు?"

2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ఇంజన్ ఉన్న పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ పెట్టింది. తనిఖీని అడ్డంకిగా చూడవద్దు. మనకు అలవాటైపోయి కనబడని పగులు కొత్త కంటికి కనబడుతుంది.

ఇవన్నీ అమర్చుకున్నా, నడిపేవాడికి కాదనే ధైర్యం లేకపోతే ఒక్కటీ పనికిరాదు. బోటెక్కినవాళ్ళలో పెద్దమనిషి ఉన్నా, ఇంటి అల్లుడున్నా, ముందే డబ్బిచ్చినవాళ్ళున్నా, "గాలి బాగాలేదు, ఇవాళ బోటు తియ్యను" అనే మాట నడిపేవాడిదే. కొత్త బోటు మొదటిసారి నీళ్ళలోకి దించే రోజే ఇంట్లోవాళ్ళకూ, ఎక్కేవాళ్ళకూ ఆ సంగతి తేల్చి చెప్పండి.