ఆంప్యూల్‌కి ఉన్న విలువ

జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వచ్చిందంటే మన నర్సింగ్ కాలేజీలకు పూనకం వస్తుంది. యూనిఫాంలు ఇస్త్రీ చేయించి, ప్లకార్డులు చేతికిచ్చి పిల్లల్ని కూడలి దాకా నడిపిస్తారు. సీఐ గారు జెండా ఊపుతారు, ప్రిన్సిపాల్ మేడం ప్రతిజ్ఞ చేయిస్తారు. ఫొటో దిగగానే మాదకద్రవ్యాల సమస్య తీరిపోతుంది. ఆ తర్వాత ఏడాది పొడుగునా దాని ఊసెత్తితే కాలేజీ పరువు తీసినట్టే.

"మా పిల్లలు అలాంటివాళ్లు కాదండీ" అని యాజమాన్యం ధీమా. రాత్రంతా వార్డులో స్టాఫ్ లేని లోటు తీర్చి, పొద్దున్నే క్లాసులో కూర్చునే పిల్ల దేని బలంతో మెలకువగా ఉంటోందో అడిగితే కదా తెలిసేది! వార్డెనమ్మ ఫోన్లు వెతుకుతుంది, పెట్టెలు వెతుకుతుంది. కళ్ల కింది నల్లచారలు ఆవిడ డ్యూటీలోకి రావు.

ఆస్పత్రిలో మార్ఫిన్‌కి జరిగే మర్యాద చూడండి. రెండు తాళాల బీరువా, ప్రత్యేక రిజిస్టరు, ఇద్దరి సంతకాలు. వాడేసిన ఖాళీ ఆంప్యూల్ కూడా తిరిగి అప్పజెప్పాలి. మిగిలిన మందు పారబోయాలన్నా పక్కన సాక్షి ఉండాలి. ఒక్క ఆంప్యూల్ లెక్క తప్పితే విచారణ. ఒక పిల్ల దారి తప్పితే? టీసీ! దానికి సాక్షులక్కర్లేదు.

మూడో ఏడాది మెంటల్ హెల్త్ నర్సింగ్‌లో వ్యసనం జబ్బేనని చెబుతాం, అలా రాస్తే మార్కులూ వేస్తాం. అదే వారం వార్డులో, తాగుడు మానిన మూడోరోజు చేతులు వణుకుతూ దుప్పటి మీద లేని పురుగుల్ని దులుపుకుంటున్న మనిషిని బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టి, "తాగేటప్పుడు తెలియలేదా?" అని సీనియర్లు ప్రాక్టికల్స్ చూపిస్తారు. పిల్లలు తెలివైనవాళ్లు. పుస్తకం పరీక్షకు, తిట్లు డ్యూటీకి అని ఇట్టే పట్టేస్తారు. రేపు తమకే ఆ అలవాటైతే నోరు మెదపకూడదనీ పనిలో పనిగా నేర్చుకుంటారు.

మాదకద్రవ్యాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి కఠినమైనదని పేరు. అంతటి చట్టమూ 64ఎ సెక్షన్‌లో మెత్తబడింది. వాడకం కేసులోనో, చిన్న పరిమాణంతోనో దొరికిన బాధితుడు తనంతట తానే చికిత్సకు వచ్చి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ వద్దంది. సేవే పరమధర్మమని గోడ మీద రాసుకున్న కాలేజీకి ఆపాటి జాలి కూడా దండగ!

టీసీ పుచ్చుకున్న పిల్ల ఏమవుతుంది? సర్టిఫికెట్ అడగని చిన్న నర్సింగ్ హోమ్‌లో కుదురుకుంటుంది. అక్కడ బీరువాకు ఒకటే తాళం, చెవి ఆమె బొడ్లోనే. అయినా మనకెందుకు? మన హాజరుపట్టీలో ఆ పేరు కొట్టేశాం కదా!