పసుపును కనిపెట్టిన ఘనులు

చీమకుర్తి గ్రానైటు క్వారీలో రాయి గీరుకుని వేలు తెగితే, పక్కనున్న కూలీ చిటికెడు పసుపు అద్ది గుడ్డపీలిక చుడతాడు గాని ఎవరి అనుమతీ అడగడు. అయితే అదే వైద్యం కొత్త ఆవిష్కరణ అంటూ అమెరికా పేటెంటు కార్యాలయం 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఏకస్వామ్య హక్కు రాసిచ్చింది. పరాయి దేశపు వాడుకను లెక్కచేయక అచ్చుకాగితాన్నే నమ్మే నాటి అమెరికా చట్టం ముందు, మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సంస్కృత గ్రంథాలతో సహా 32 ఆధారాలు పేర్చాక గాని 1997లో ఆ పేటెంటు రద్దు కాలేదు. అమ్మమ్మ చెబితే చిట్కా, అచ్చయితేనే శాస్త్రమన్నమాట.

ఇప్పుడు తెలిసిన రెండు మందులను కలిపి మూడోది కనిపెట్టామనే వారి వంతు. విడివిడి గుణాలను ఒకచోట చేర్చడం తప్ప అదనపు ఫలితమేమీ చూపని మిశ్రమం ఆవిష్కరణ కాదని భారత పేటెంట్ల చట్టం 3(ఇ) నిబంధన చెబుతున్నా, ఆ రంగంలో సామాన్య నైపుణ్యం గలవారికి ఇట్టే తట్టే కలయిక ఏది, తట్టనిది ఏది అన్నదానిపై వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. పసుపులో కొబ్బరినూనె కలిపే ఇల్లాలికి ఆ నైపుణ్యం దండిగానే ఉంది. లేనిదల్లా వకీలు ఫీజే.