గెలిచినవాని దక్షిణ

లాస్ వేగస్ నగరమందలి పోకర్ బల్లల యొద్ద కొన్ని దశాబ్దములుగా నిరాటంకముగా సాగుచున్న కర్మకాండ యొకటి కలదు. తొమ్మండుగురు ఆటగాండ్రలో ఎనమండుగురిని ఓడించి, నడుమనున్న చిప్పుల రాశిని రెండు చేతులతో తన వైపునకు లాగికొన్నవాడు, అందుండి ఒక డాలరు చిప్పును వ్రేళ్లతో ఎగురవేసి డీలరు ముందు పడవేయును. డీలరు దానిని చిప్పుల పెట్టె యంచున టకటక తట్టి, పైనున్న కెమెరాకును వెనుకనున్న పర్యవేక్షకునికిని తెలియజేసి, చొక్కా జేబులోనో తాళము వేసిన డబ్బాలోనో వేసికొని, "థాంక్యూ సార్" అని పలికి, మరల ముక్కలు కలుప మొదలిడును. ఆ చిప్పునకు ఆ వృత్తిలో టోక్ అని పేరు. దానిని వేయనివానికిని పేళ్లు కలవు. అవి ఇచ్చట వ్రాయదగినవి కావు.

ఇది మర్యాద యనియు, ఎరుగనివాడు అనాగరికుడనియు ఆ బల్లల చుట్టును కూర్చుండు పెద్దలు బోధింతురు. మర్యాదతో నాకు వైరము లేదు; కాని ఈ మర్యాద దేనికి ప్రతిఫలమని వారినడిగినచో రెండు సమాధానములు వచ్చును. డీలరు చేసిన సేవకు అని కొందరందురు. అట్లయినచో ఆ సేవ అందరకును సమానముగా జరిగినదే గదా! గెలిచినవానికి ముక్కలు పంచిన చేయియే ఓడినవానికిని పంచినది. అదే శ్రద్ధతో కలిపినది, అదే నేర్పుతో పందెములు లెక్కించినది. పైపెచ్చు ఓడినవాని విలాపములను ఓర్పుతో వినుట యను అదనపు సేవయు అతనికే జరిగినది. న్యాయముగా ఆలోచించినచో ఓడినవాడే రెండు డాలర్లు ఈయవలెను. అట్లు కాదు, గెలిపించినందుకు కృతజ్ఞత యని మరికొందరందురు. డీలరు ఎవరినైనను గెలిపింపగలవాడే యైనచో అతడుండవలసినది కాసినోలో కాదు, కారాగారములో. అరగంటకో అటునిటుగానో బల్ల మారునపుడు రెండరచేతులను ఇటునటు త్రిప్పి పైకప్పునందలి కెమెరాకు చూపి మరి లేచుట అతని వృత్తిధర్మము. ఎవరి గెలుపుతోను తనకు పొత్తు లేదనుటయే అతని గౌరవము. అట్టివానికి గెలుపును బట్టి కానుక నిచ్చుట, న్యాయాధిపతి తీర్పు చెప్పిన పిదప నెగ్గిన కక్షిదారుడు మాత్రము ముందుకు పోయి ఆయన జేబులో నోటు పెట్టి, ఇది కోర్టు మర్యాద యనుట వంటిది.

ఈ మర్యాదను మిక్కిలి నిష్ఠతో పాటించు మహనీయుని నడవడి పరిశీలింపదగినది. రివర్ అనబడు కడపటి ముక్క తెరువబడి తాను ఓడిపోయెనా, చేతిలోని ముక్కలను డీలరు మీదికి విసరును. నీవు కూర్చున్నది మొదలు నాకొక్క ఆట దక్కలేదని నిందించును. ఈ చేయి మంచిది కాదు, వేరొకనిని పంపుడని పర్యవేక్షకునికి మొరపెట్టును. కొంతసేపటికి ఆ చేయియే అతనికి రెండు ఏసులు పంచి, అవి నిలిచి గెలిచినప్పుడు, ఒక డాలరు విసరి, తన ఔదార్యమును ఎందరు గమనించిరో యని నలుదిక్కులు పరికించును. అంతకుముందటి తిట్లకు పరిహారము సైతము ఆ డాలరులోనే చేరియున్నదని అతని యభిప్రాయము కాబోలు! వీనికి ప్రతిపక్షముగా గణితజ్ఞుడొకడు కలడు. గంటకు తనకు రావలసిన లాభములో టిప్పుల వలన తరుగు ఇంతయని దశాంశముల వరకు గణించి, కావున ఈయనని భీష్మించును. ఈ లోభిని నేను సమర్థింపను. కాని ఆ బల్లకడ కూర్చున్నవారిలో ఆ డాలరు ఒక ఖర్చని గుర్తించినవాడు ఇతడొక్కడే.

ఈ కానుక స్వరూపమును నిర్ణయించు భారము అమెరికా న్యాయస్థానముల మీద పడకపోలేదు. నెవాడా రాష్ట్రమున క్రాప్స్ అను పాచికలాట డీలరొకడు, ఆటగాండ్రు తనకిచ్చునది దానమే గాని సంపాదన కాదు, కనుక దానిపై ఆదాయపు పన్ను చెల్లదని వాదించెను. 1975లో జిల్లా న్యాయస్థానము అతని మాట మన్నించెను; ఆటగాండ్రు ఉద్రేకముచేతనో మూఢవిశ్వాసముచేతనో ఇత్తురని దాని భావము. మరుసటి సంవత్సరమే తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. అదృష్టదేవతలకు ముడుపు చెల్లించి, అది త్వరలోనే ఇబ్బడిముబ్బడిగా తిరిగివచ్చునని ఎదురుచూచువాని చర్య నిష్కామమెట్లగునని ఆ న్యాయమూర్తులు తర్కించిరి. మ్రొక్కుబడి తత్త్వమును ఇంత సూక్ష్మముగా గ్రహించినవారు మన మీమాంసకులలో సైతము అరుదు. కాగా శాసనము దృష్టిలో ఆ డాలరు దానము కాదు, డీలరు సంపాదన. పని చేయించుకొనువాడు ఒకడు, సంపాదన సమకూర్చువాడు మరొకడు అగుట ఎట్లు పొసగినది? ఆ యజమాని ఎచ్చట నున్నాడు?

యజమాని ఆ బల్లకే ఒక కన్నము పెట్టించి నిశ్చింతగా నున్నాడు. ప్రతి ఆటలోను పందెపు రాశినుండి సామాన్యముగా నూటికి పది చొప్పున, ఐదు డాలర్లో అటునిటుగానో హద్దుగా, రేక్ అను పేర తీసి ఆ కన్నమున జారవిడుచుట డీలరు విధులలో మొదటిది. జాక్‌పాట్ నిధి పేర మరియొకటి రెండు డాలర్లు దాని వెంట పోవుటయు కలదు. గంటకు ముప్పది ఆటలు సాగి, అందు ఇరువదింట ఐదేసి డాలర్లు నిండుగా పడెననుకొన్నను, ఒక్క బల్ల నుండి గంటకు నూరు డాలర్లు కాసినోకు ముట్టినట్లే. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, గెలిచిన ద్రవ్యములో ద్యూతాధ్యక్షుడు నూటికి ఐదు గైకొనవలెననియు, పాచికలకును గవ్వలకును అద్దెయు, నీటికిని స్థలమునకును రుసుమును పుచ్చుకొనవచ్చుననియు విధించెను. పన్నులు పిండుటలో అంతటి దిట్టకు సైతము, ఇవన్నియు పుచ్చుకొన్న పిమ్మట పాచికలందించు నౌకరునకు కూడు పెట్టు భారము కూడ గెలిచినవానిదే యని శాసింపవలెనను ఊహ తట్టినట్లు కానరాదు.

డీలరునకు గంటకు రెండు డాలర్ల చిల్లరయే జీతము, మనమీయకున్న పస్తుండునని కంటతడిపెట్టు దయామయులు కొందరు కలరు. టిప్పులు పుచ్చుకొను కార్మికులకు యజమాని ఈయవలసిన నగదు వేతనము అమెరికా కేంద్రశాసనము ప్రకారము 2.13 డాలర్లే, 1991 నుండి అది కదలలేదు. కాని నెవాడాలో ఆ మినహాయింపు చెల్లదు. టిప్పులతో నిమిత్తము లేకుండ అచ్చట పూర్తి కనీస వేతనము ఈయవలెను; 2024 జులై నుండి అది 12 డాలర్లు. ఆ పండ్రెండు డాలర్లతో లాస్ వేగస్‌లో సంసారము గడువదు. ఆ సంగతి యజమానికిని తెలియును. తెలిసియే మిగిలినది మీ మర్యాదకు విడిచిపెట్టెను. పోనిండు, ఆ మర్యాదనైనను ముట్టక విడిచిరా? 2006లో విన్ కాసినో తన జూదపు బల్లల డీలరులకు వచ్చు ఉమ్మడి టిప్పులలో పర్యవేక్షకులకును వాటా పెట్టెను. డీలరులు ఏండ్ల తరబడి పోరాడిరి. 2013లో నెవాడా సుప్రీంకోర్టు కాసినో పక్షమే వహించెను. యజమానులును పర్యవేక్షకులును సిబ్బంది టిప్పులలో చేయి పెట్టరాదని కేంద్రశాసనము పలుకుటకు 2018 వరకు వేచియుండవలసి వచ్చెను. పోకర్ డీలరులకు చాలచోట్ల ఈ ఉమ్మడి గొడవ లేదు, ఎవరి టిప్పు వారిదే. అందుచేత ఎగిరిపడు ఆ చిప్పు మీద వారి చూపు నిలుచుటలో వింత లేదు.

టోర్నమెంటులలో ఈ తంతు మరింత సొగసైనది. సిబ్బంది కొరకని బహుమతి ధనములోనే కొంత శాతము ముందుగా కోసికొని, ఆ ముచ్చటను నియమపత్రమున ఒక మూల అచ్చొత్తించి, తుదకు గెలిచినవాడు సొమ్ము పుచ్చుకొనబోవునపుడు, డీలరులకేమైన విడువదలచితిరా యని మెల్లగా కదపుదురు. ఆస్ట్రేలియా కాసినోలలో డీలరు టిప్పు పుచ్చుకొనుటయే నిషిద్ధము. అచ్చటను ఆట సాగుచున్నది, డీలరునకు జీతము ముట్టుచున్నది. ఆటగాండ్రు సభ్యత కోల్పోయి అడవులు పట్టినట్లు వార్త లేదు.

2024 జూన్‌లో లాస్ వేగస్ సభయందు ఎన్నికల వాగ్దానముగా వెలువడి, 2025 జులై 4న శాసనమైన పద్దు ఒకటి, టిప్పులలో ఏటికి 25,000 డాలర్ల వరకు ఆదాయపు పన్ను లెక్కనుండి తగ్గించుకొనుటకు వీలు కల్పించినది. అదే చట్టము, జూదరి తన నష్టములలో నూటికి తొంబదిని మాత్రమే లాభములకెదురు చూపవలెనని 2026 నుండి విధించినది; అనగా ఏడాదిలో లక్ష గెలిచి లక్ష పోగొట్టుకొన్నవాడు రాని పదివేలకు పన్ను కట్టవలెను. ఇచ్చువాని మీద వడ్డన, పుచ్చుకొనువానికి ఉపశమనము. నడుమనున్న కాసినో జీతము పెంచవలెనను మాట మాత్రము ఆ చట్టమున ఏ మూలను లేదు.

అమెరికాలో నుండి సెలవులకు లాస్ వేగస్ పోయి ఆ బల్లకడ కూర్చుండు తెలుగు సోదరుడవైనచో, గెలిచినప్పుడొక డాలరు డీలరు ముందు పెట్టుము. ఈ యేర్పాటులో అతని తప్పేమియు లేదు. అంతట ప్రక్కవాడు నీకు మర్యాదను గూర్చి బోధింప మొదలిడినచో, ఇప్పుడు కన్నమున జారిన ఐదు డాలర్లలో డీలరు వాటా యెంతో పర్యవేక్షకుని అడిగి చెప్పుమని అతనినే పంపుము.