గీజరు కడగకుండా నెట్టుకురావడం ఎలా

ఢిల్లీ వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు మొట్టమొదట నేర్చుకోవాల్సింది గీజరు జోలికి పోకపోవడం. నోయిడాలో తొమ్మిది చలికాలాలు ఈదినవాణ్ణి, నా మాట వినండి.

మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. కాచిన ప్రతిసారీ ఆ నీళ్లలోని కాల్షియం సున్నంలా విడిపోయి ఎలిమెంటు చుట్టూ పెచ్చు కడుతుంది, మిగతాది ట్యాంకు అడుగున బురదై కూర్చుంటుంది. పిరికివాళ్లు ఏటా విప్పించి కడిగిస్తారు. పాతిక లీటర్ల ట్యాంకులో అయిదు లీటర్లు సున్నమే ఉందనుకోండి, కాచాల్సినవి ఇరవయ్యేగా! కరెంటు ఆదా. పావుగంటలో కాగే నీళ్లకి నలభై నిమిషాలు పట్టడం, బిల్లు పెరగడం వేరే విషయాలు. మీటరు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే.

లోపల చిటపటలు వినిపిస్తే కంగారుపడకండి. పెచ్చుల కింద చిక్కిన నీరు ఆవిరై తన్నుకొస్తున్న చప్పుడది. సంక్రాంతికి వచ్చిన మా అమ్మ, "స్నానాలగదిలో పోపు ఎవరు పెడుతున్నార్రా?" అంది.

మెగ్నీషియం కడ్డీ మార్చాలంటాడు మెకానిక్. ట్యాంకుకు తుప్పు పట్టకుండా అది తాను కరిగిపోతుందట. ఎలాగూ కరిగిపోయేదాన్ని డబ్బు పోసి కొంటామా? నేను కొనలేదు. మరుసటేడు నా తెల్ల బనియన్లన్నీ కాషాయం పుచ్చుకున్నాయి.

ఎగువ గంగ కాలువను చూసి నేర్చుకోమంటుంది మా ఆవిడ. ఏటా దసరా రోజుల్లో హరిద్వార్ దగ్గర దాన్ని కట్టేసి పూడిక తీస్తారు. దీపావళి దాకా మాకు గంగ నీళ్లకి కటకట, బోరే దిక్కు. 1854లో తెరిచిన కాలువ అది. తవ్వించిన కాట్లీ పనితనాన్ని మన కాటన్ దొర బాహాటంగానే తప్పుపట్టాడు. ఆ కాటన్ దొర కాలువలూ ఎండాకాలం కట్టేసేవే. అడుగున మిగిలిన మడుగుల్లో చిన్నప్పుడు చేపలు పట్టాం. కానీ కాలువ మీద బతికేది లక్షలమంది, గీజరు మీద నలుగురం. నలుగురి కోసం దానికి సెలవు దేనికి?

అయినా పోరు పడలేక ఒక ఆదివారం నేనే స్టూలెక్కాను. మెకానిక్‌లది పెద్ద తతంగం: స్విచ్ ఆపాలి, నీళ్లు చల్లారాలి, చన్నీళ్ల వాల్వు కట్టాలి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచాలి, ఆ తర్వాతే కింది పైపు విప్పాలి. నేను స్విచ్ ఆపి, తిన్నగా ఆఖరి పనికి వెళ్లాను. ఎర్రటి వేడినీళ్లు, కోడిగుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు చొక్కాలోంచి పాదాల దాకా జారాయి. బర్నాల్ ముందే దగ్గర పెట్టుకోవడం మంచిది.

మళ్లీ బిగించాక, కుళాయిలోంచి నీళ్లు ధారగా వచ్చేదాకా, అంటే ట్యాంకు నిండేదాకా, స్విచ్ వెయ్యకూడదంటారు. ఆఫీసుకు టైమైపోతుంటే ధారలు చూస్తూ కూర్చుంటామా? వేసేశాను. కాలిన వాసన వంటింటి దాకా వచ్చింది.

ప్రస్తుతం బకెట్లో రాడ్ పెట్టి కాచుకుంటున్నాం. దానికీ తెల్లగా పూత మొదలైంది. గీకమని మా ఆవిడ పాత చెంచా ఒకటి చేతికిచ్చింది. దాన్ని తిన్నగా తీసుకెళ్లి ఆవకాయ జాడీలో వేశాను.